ఆకలి మళ్ళీ వస్తుంది

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోవాలనుకునేవాళ్ళు డాక్టరుగారిని అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఎన్ని కిలోలు తగ్గుతాను? ఖర్చెంతవుతుంది? ఎన్నాళ్ళు సెలవు పెట్టాలి? షుగర్ మాత్రలు మానెయ్యొచ్చా? అన్నీ అడగాల్సినవే. ఆకలి సంగతి మాత్రం అడిగేవాళ్ళు తక్కువ. ఆపరేషనై నెల తిరిగాక డైటీషియన్‌నైన నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "మేడమ్, నాకసలు ఆకలే వెయ్యట్లేదు. లోపలేమైనా తేడా చేసిందంటారా?" అంటారు. ఏళ్ళ తరబడి ఆకలితో పోట్లాడి అలిసిపోయిన మనిషి, అది కాస్తా లేకుండా పోయేసరికి బెంబేలెత్తిపోతారు. అదే మనిషి ఏడాది, ఏడాదిన్నర పోయాక ఇంకో భయంతో వస్తారు. "మళ్ళీ ఆకలేస్తోంది మేడమ్. ఆపరేషన్ ఫెయిలైపోయిందా?" ఈ రెండు భయాల మధ్య శరీరంలో ఏం జరుగుతుందో, ఆ మధ్యకాలాన్ని ఎలా వాడుకోవాలో ఇవాళ చెప్పాలనుకుంటున్నాను.

ముందు ఆపరేషన్ సంగతి క్లుప్తంగా. మన దేశంలో ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నది స్లీవ్. పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, ల్యాప్రోస్కోపీ పద్ధతిలో జీర్ణాశయాన్ని నిలువునా కోసి, సుమారు ముప్పాతిక వంతు తీసేస్తారు. సన్నటి గొట్టం లాంటి భాగం మిగులుతుంది. లీటరు దాకా పట్టే చోట ఇక నూరు, నూటయాభై మిల్లీలీటర్లే పడతాయి. రెండోది గ్యాస్ట్రిక్ బైపాస్. అమెరికాలో అయోవా యూనివర్సిటీ సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ 1966లో మొదలుపెట్టిన పద్ధతి మెరుగుపడుతూ ఇప్పటి రూపానికి వచ్చింది. ఇందులో జీర్ణాశయం పైకొసన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే సంచిని వేరుచేసి, చిన్నపేగులో కొంత దూరం దాటించి కలుపుతారు.

సంచి చిన్నదైంది కాబట్టి తక్కువ తింటారు, తక్కువ తింటారు కాబట్టి సన్నబడతారు అని చాలామంది అనుకుంటారు. అంతే అయితే ఆ మనిషి రోజంతా ఆకలితో నకనకలాడిపోవాలి కదా. సంచి నిండినా ఒళ్ళు ఇంకా కావాలని అడుగుతూనే ఉండాలి. అలా జరగదు. ఎందుకు జరగదో తెలియడానికి వైద్యానికి చాలా ఏళ్ళు పట్టింది.

1912లో అమెరికాలో వాల్టర్ క్యానన్ అనే శాస్త్రవేత్త ఆకలి ఎక్కడ పుడుతుందో తేల్చాలనుకున్నారు. ఆయన శిష్యుడు వాష్‌బర్న్ గొట్టం తగిలించిన బెలూన్ ఒకటి మింగి కూర్చున్నాడు. ఆకలి అనిపించినప్పుడల్లా అతని జీర్ణాశయం గట్టిగా ముడుచుకుంటున్నట్టు నమోదైంది. కడుపులో ఎలుకలు పరిగెత్తడమంటే ఇదే కాబోలు అనుకున్నారు. కానీ జీర్ణాశయం మొత్తం తీసేసిన ఒక రోగికి కూడా ఆకలి వేస్తూనే ఉందని 1931లో వాంగెన్‌స్టీన్, కార్ల్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు రాశారు. ముడుచుకోవడానికి కడుపే లేని మనిషికి ఆకలెలా వేసింది? ఆ ప్రశ్న చాలాకాలం అలాగే ఉండిపోయింది.

1999లో జపాన్‌లో మసయసు కోజిమా, కెంజి కంగావా బృందం గ్రెలిన్ అనే హార్మోన్‌ని కనిపెట్టింది. భోజనం వేళకి ఇది రక్తంలో పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. మెదడుకి చేరి "ఆకలేస్తోంది, ఏదైనా పెట్టు" అని చెబుతుంది. ఇది ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయం పైభాగంలో, డాక్టర్లు ఫండస్ అనే చోట. స్లీవ్ ఆపరేషన్‌లో కోసి తీసేసేది సరిగ్గా ఆ భాగాన్నే. అందుకే ఆపరేషనైన కొద్ది రోజుల్లోనే గ్రెలిన్ బాగా పడిపోతుంది.

పేగుల వైపు నుంచి ఇంకో మార్పు వస్తుంది. తిన్నది మునుపటికంటే త్వరగా చిన్నపేగులోకి దిగుతుంది. అక్కడి కణాలు జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లను మునుపటికంటే ఎక్కువగా వదులుతాయి. ఇవి మెదడుకి "ఇక చాలు" అని చెప్పే హార్మోన్లు. బైపాస్ చేయించుకున్నవాళ్ళలో ఈ పెరుగుదల మరీ ఎక్కువ. ఈమధ్య బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకుంటున్న ఇంజెక్షన్ల పేర్లు మీరు వినే ఉంటారు. అవి కూడా ఈ జీఎల్‌పీ-1 దారినే పట్టుకుని పనిచేస్తాయి.

అయితే అంతా గ్రెలిన్ మహిమే అని తేల్చెయ్యడానికి లేదు. గ్రెలిన్ తయారుకాని ఎలుకలకి స్లీవ్ ఆపరేషన్ చేసి చూశారు. అవి కూడా మిగతా ఎలుకల్లాగే బరువు తగ్గాయి. నరాలు, పైత్యరసం, పేగుల్లోని సూక్ష్మజీవులు, ఇలా చాలా వాటికి ఇందులో చెయ్యుంది. మెదడుకీ పొట్టకీ మధ్య నడిచే సంభాషణే మొత్తంగా మారిపోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. లావుగా ఉన్నవాళ్ళని మన ఇళ్ళల్లో అనే మాటలు నాకు తెలుసు. "నోరు కట్టుకోలేడు", "తిండి దగ్గర ఆగలేదు", "కాస్త మనసు గట్టి చేసుకోవే". ఇవి పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, సొంత అన్నదమ్ముల నోట వినీ వినీ మనుషులు కుంగిపోతారు. నిజమేమిటంటే, కడుపు మాడ్చుకుని బరువు తగ్గించుకున్న మనిషిలో ఆకలి పెరుగుతుంది. 2002లో అమెరికాలో డేవిడ్ కమ్మింగ్స్ బృందం ఇది కొలిచి చూపింది. డైటింగ్‌తో శరీర బరువులో 17 శాతం తగ్గించుకున్నవాళ్ళలో రోజంతటి గ్రెలిన్ 24 శాతం పెరిగింది. అదే పరిశోధనలో, బైపాస్ అయి అంతకంటే బాగా సన్నబడినవాళ్ళలో గ్రెలిన్ మామూలు బరువున్నవాళ్ళకంటే కూడా 77 శాతం తక్కువ ఉంది. బైపాస్ విషయంలో తర్వాతి పరిశోధనలన్నీ ఇంత తేడా చూపలేదు. డైటింగ్ విషయం మాత్రం మళ్ళీ మళ్ళీ రుజువైంది. 2011లో మెల్‌బోర్న్‌లో 50 మందిని పది వారాలు చాలా తక్కువ ఆహారం మీద ఉంచి, ఏడాది తర్వాత మళ్ళీ పరీక్షించారు. ఏడాదైనా వాళ్ళ ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదు. ఒళ్ళు పోయిన బరువుని వెనక్కి తెచ్చుకోవాలని అడుగుతూనే ఉంది. నలుగురూ తిట్టిపోసింది మనిషిలోని ఆ హార్మోన్లనన్నమాట. అందుకని ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళని "అడ్డదారి తొక్కారు" అనేవాళ్ళంటే నాకు కోపం వస్తుంది.

సరే, ఇక ఆపరేషనయ్యాక రోజులు ఎలా గడుస్తాయో చూద్దాం. ఆపరేషన్‌కి ముందు రెండు వారాల పాటు కాలేయం కాస్త కుంచించుకోవడానికి చాలా తక్కువ కేలరీల ఆహారం ఇస్తారు. ఆ రెండు వారాలూ నరకం అంటారు అందరూ. ఆకలి ఆవురావురుమంటుంది. ఆపరేషనై కళ్ళు తెరిచాక, ఆ ఆకలి ఉన్నట్టుండి మాయం. మందు పోసే చిన్న ప్లాస్టిక్ కప్పులో 30 మిల్లీలీటర్ల నీళ్ళు ఇస్తే, గుక్క గుక్కగా తాగడానికి పావుగంట పడుతుంది. తర్వాత మజ్జిగ తేట, పప్పుకట్టు, వడగట్టిన చారు, పల్చటి పాలు. రెండు వారాలు అలా గడిచాక మెత్తగా మెదిపినవి, ఆ తర్వాత మెత్తటి ఆహారం. రెండు నెలల నాటికి మామూలు తిండిలోకి వస్తారు. ఆస్పత్రిని బట్టి ఈ లెక్క కాస్త అటూ ఇటూ మారుతుంది.

మెత్తటి ఆహారం మొదలుపెట్టే రోజున, తినబోయేది ఇంటినుంచి తెచ్చుకుని నా ఎదురుగా తినమంటాను. ఒకసారి నలభై దాటిన ఒకావిడ వచ్చారు. ఊళ్ళో టిఫిన్ హోటల్ నడుపుతారు. స్టీలు గిన్నెలో మెదిపిన పెసరపప్పు, అరముక్క ఇడ్లీ తెచ్చుకున్నారు. చిన్న చెంచాతో కొంచెం తీసుకుని, నోట్లో పెట్టుకుని, పూర్తిగా నలిగేదాకా నములుతున్నారు. చెంచా కింద పెట్టి, ఆగి, మళ్ళీ తీసుకుంటున్నారు. సగం గిన్నె దగ్గర ఆవిడకి ముక్కు కారడం మొదలైంది. కొంగుతో తుడుచుకుని, "జలుబు చేసినట్టుంది, ఫ్యాను కింద కూర్చున్నానేమో" అన్నారు. ఎక్కిళ్ళు కూడా వచ్చాయి. అక్కడితో ఆపమన్నాను. అది జలుబు కాదు. నిండుగా ఉన్నానని ఆ చిన్న సంచి చెప్పే తీరది. కొందరికి ముక్కు కారుతుంది, కొందరికి ఎక్కిళ్ళు, తుమ్ము, కొందరికి రొమ్ము నడిమిన బరువుగా పట్టేసినట్టు ఉంటుంది. ఆ తర్వాత ఇంకొక్క చెంచా తిన్నా నొప్పి, నోట్లో నురగ, వాంతి.

ఆవిడ బాధంతా మిగిలిపోయిన సగం గిన్నె మీద. "ఇన్నేళ్ళుగా పదిమందికి పెట్టేదాన్ని. పప్పు పారబొయ్యాలంటే చేతులు రావట్లేదు" అన్నారు. ఇది చిన్న విషయమని కొట్టిపారెయ్యలేం. కంచంలో మెతుకు వదిలితే పాపమని నేర్చుకుంటూ పెరిగినవాళ్ళం. దానికి ఉపాయం ముందే తక్కువ పెట్టుకోవడం. పెద్ద కంచాన్ని పక్కన పెట్టి, పిల్లల గిన్నె, పిల్లల చెంచా వాడుకోమంటాను.

ఇప్పుడు నన్ను ఎక్కువ భయపెట్టే విషయానికి వస్తాను. ఆకలి లేదు కదా అని కొందరు తినడమే మానేస్తారు. పొద్దున కాఫీ, మధ్యాహ్నం రెండు చెంచాల పెరుగన్నం, రాత్రి ఏమీ లేదు. బరువు గబగబా తగ్గుతుంటే ఇంట్లోవాళ్ళకీ సంతోషమే. ఆ తగ్గే బరువులో కండ కూడా కరిగిపోతోందని కనిపించదు. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ పడాలి. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. గ్లాసు పాలల్లో కూడా ఇంచుమించు అంతే. అరకప్పు పట్టే కడుపుకి ఇది చాలా పెద్ద లెక్క. అందుకే తినే వరస మారాలి. ముందు గుడ్డు, పనీరు, చేప, పప్పు, గట్టి పెరుగు లాంటివి. తర్వాత కూర. అన్నం ఆఖర్న, చోటుంటేనే. పప్పన్నంతో మొదలై పెరుగన్నంతో ముగిసే భోజనానికి అలవాటుపడినవాళ్ళకి ఈ మార్పు ఆపరేషన్ కంటే కష్టంగా ఉంటుంది. ఇంకో సంగతి, ఈ కాలంలో ఆకలి పిలవదు కాబట్టి గడియారమే పిలవాలి. ఫోన్లో అలారం పెట్టుకుని తినాలి. నీళ్ళు కూడా అంతే. గటగటా తాగడం కుదరదు, భోజనంతో పాటు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. మన ఎండాకాలంలో సీసా చేతిలో పట్టుకుని రోజంతా గుక్క గుక్క తాగకపోతే కళ్ళు తిరిగి పడిపోతారు.

వాంతులు ఆగకుండా అవుతుంటే ఇంట్లో కూర్చోవద్దు. శరీరంలో బి-1 విటమిన్ నిల్వలు కొద్ది వారాల్లోనే అయిపోతాయి. అది లోపిస్తే నడక తూలుతుంది, చూపు చెదురుతుంది, జ్ఞాపకశక్తి దెబ్బతింటుంది. ఇలాంటి రోగికి బి-1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే పరిస్థితి విషమిస్తుంది. ఎక్కడికి వెళ్ళినా ఫలానా ఆపరేషనైందని ముందే చెప్పండి. బి-12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ మాత్రలు జీవితాంతం వాడాల్సినవే.

రుచులు కూడా మారిపోతాయి. రోజూ స్వీటు లేనిదే ఉండలేని మనిషి మైసూర్‌పాక్ కొస కొరికి "అబ్బ, ఇంత తీపా" అని పక్కన పెట్టేస్తారు. మాంసం వాసన పడదు కొందరికి. వంటచేసే ఆడవాళ్ళకి తాలింపు వాసనే వికారం తెప్పిస్తుంది. ఇంటిల్లిపాదికీ వండిపెట్టాల్సిన మనిషికి ఇది ఎంత యాతనో ఆలోచించండి. ఆ నెలల్లో వంటింటి పని ఇంకొకరు అందుకోవాలి. బైపాస్ అయినవాళ్ళు తీపి ఎక్కువ తింటే ఒళ్ళంతా చెమట పట్టి, గుండె దడదడలాడి, నీళ్ళ విరేచనాలవుతాయి.

ఇన్ని మారినా, మారనిది ఒకటుంది. సాయంత్రం ఐదయ్యేసరికి టీ పక్కన మిరపకాయ బజ్జీ ఉండాలని అడిగే మనసు మారదు. ఆఫీసులో మాట పడ్డ రోజున ఇంటికొచ్చి ఏదో ఒకటి నమలాలనే కోరిక మారదు. సర్జన్ కత్తి అక్కడిదాకా వెళ్ళదు. కడుపు ఆకలి మెల్లగా వస్తుంది, ఏది పెట్టినా సరేనంటుంది. మనసు కోరిక ఉన్నట్టుండి వస్తుంది, ఫలానాదే కావాలంటుంది. తిండే తోడుగా, ఓదార్పుగా బతికినవాళ్ళకి ఆ తోడు పోయినప్పుడు దిగులు పట్టుకుంటుంది. కిలోలు తగ్గుతున్నా ముఖంలో కళ ఉండదు. ఇలాంటివాళ్ళని సైకాలజిస్ట్ దగ్గరికి పంపడానికి నేను ఒక్క రోజు కూడా ఆగను. కొందరు తిండి స్థానంలో మద్యం పెట్టుకుంటారు. బైపాస్ తర్వాత మద్యం చాలా త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది, అలవాటు వ్యసనమయ్యే ప్రమాదం పెరుగుతుంది. అమెరికాలో 2012లో వచ్చిన పెద్ద పరిశోధనలో ఈ ముప్పు రెండో ఏడాదిలో పెరిగినట్టు తేలింది.

ఆకలిలా అనిపించి ఆకలి కానివి ఇంకో రెండున్నాయి. స్లీవ్ తర్వాత కడుపులో ఆమ్లం పెరిగి మండుతుంటే, చాలామంది దాన్ని ఆకలనుకుని ఏదో ఒకటి తింటారు. డాక్టరుగారు రాసిన ఎసిడిటీ మాత్ర సరిగ్గా వేసుకుంటే ఆ "ఆకలి" పోతుంది. రెండోది ప్రమాదకరమైనది. బైపాస్ అయిన ఏడాదికో ఇంకా తర్వాతో, తీపి గానీ అన్నం గానీ ఎక్కువ తిన్న గంట నుంచి మూడు గంటల లోపల ఒక్కసారిగా విపరీతమైన ఆకలి, చేతులు వణకడం, చెమటలు. రక్తంలో చక్కెర పడిపోవడం అది. అప్పటికి గ్లూకోజు తీసుకుని తేరుకున్నా, తప్పనిసరిగా డాక్టరుకి చూపించుకోవాలి.

కుటుంబానికి కూడా ఒక మాట. మనకి కొసరి కొసరి వడ్డించడం ప్రేమ. "ఒక్క ముద్ద, నామీద ఒట్టు" అనే అత్తగారు, "ఏంటి వదినా, మా ఇంట్లో తినవా" అనే ఆడపడుచు, వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. కానీ ఆ ఒక్క ముద్ద తిన్న మనిషి చేతులు కడుక్కునే చోట వాంతి చేసుకుని, ఎవరికీ చెప్పకుండా వచ్చి కూర్చుంటారు. వడ్డించే చెయ్యి ఆగితే వాళ్ళకి ఎంతో మేలు. పక్కన కూర్చుని నాలుగు కబుర్లు చెప్పండి, చాలు.

ఇక ఆకలి తిరిగి రావడం. సాధారణంగా ఆరు నెలల తర్వాత మెల్లగా మొదలై, ఏడాది, ఏడాదిన్నర నాటికి తెలుస్తుంది. కడుపు కొంచెం సాగుతుంది, ఒళ్ళు కొత్త బరువుకి సర్దుకుంటుంది. స్లీవ్ అయినవాళ్ళలో గ్రెలిన్ ఏళ్ళ తరబడి తక్కువగానే ఉన్నా, ఆకలి అనేది పూర్తిగా దాని చేతిలో లేదు కాబట్టి తిరిగొస్తుంది. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి వేలమందిని ఏళ్ళపాటు గమనించిన పరిశోధనలో, బరువు మొదటి ఒకటి రెండేళ్ళలో బాగా తగ్గి, తర్వాత కొంత తిరిగి పెరిగి, ఎనిమిది, పదేళ్ళ నాటికి నిలకడగా నిలిచింది. కొంచెం పెరగడం సహజమే. ఆకలేయడం కూడా సహజమే. ఆ ఆకలికి ఇప్పుడు ఒక చిన్న కప్పుతో సమాధానం చెప్పొచ్చు. మునుపు అలా కుదిరేది కాదు.

ఆకలి లేని ఆ మొదటి ఏడాదిలో ఏ అలవాట్లు కుదిరాయో, ఆకలి వచ్చాక అవే నిలబెడతాయి. వేళకి తినడం, నమలడం, ప్రొటీన్ ముందు తినడం, నడక. అవి కుదరనివాళ్ళు ఏ దారిన జారతారో నాకు బాగా తెలుసు. గట్టి ఆహారం తింటే పట్టేస్తోందని, సులువుగా దిగేవాటికి అలవాటుపడతారు. కారప్పూస, చిప్స్, బిస్కట్లు, ఐస్‌క్రీం, పంచదార దండిగా వేసిన టీ. ఇవి నోట్లోనే కరిగిపోయి, ఎంత తిన్నా ఆ సంచిని నింపవు. రోజంతా కొంచెం కొంచెంగా నములుతూ, "నేనేమీ తినట్లేదు" అని నమ్మకంగా చెబుతారు. అబద్ధం కాదది, వాళ్ళకి నిజంగానే తెలియదు. అందుకే తిన్నదంతా, చేతికందిన చేగోడీతో సహా, ఒక పుస్తకంలో రాసుకురమ్మంటాను.

ఆకలి, బరువు రెండూ పెరుగుతుంటే సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. మందులున్నాయి, కొందరికి ఇంకో ఆపరేషన్ అవసరమవుతుంది, చాలామందికి తినే తీరు సరిచేస్తే సరిపోతుంది. ఆపరేషన్ గురించి ఇంకా ఆలోచిస్తున్నవాళ్ళు డాక్టరుగారిని అడిగే ప్రశ్నల్లో ఇవి కూడా చేర్చుకోండి. మూడో ఏడాదిలో నన్ను ఎవరు చూస్తారు? డైటీషియన్, సైకాలజిస్ట్ మీ దగ్గర ఉన్నారా? రక్తపరీక్షలు ఏడాదికెన్నిసార్లు? ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు? వీటికి సూటిగా జవాబు చెప్పే చోటే ఆపరేషన్ చేయించుకోండి.